కాసు వేరు, క్యాష్ వేరు



పోయిన ఆదివారం కమిటీలో ఈ ఏటి మలరుకు పేజీల వరస చదివినప్పుడు, పదకొండో పేజీ దగ్గర మేము చెయ్యెత్తాం. అప్పటికే భోజనాల టైము దాటింది. "వచ్చే వారం చూద్దాం లెండి" అన్నారు అధ్యక్షులు. అది రెండు నిమిషాల్లో తేలే సంగతి కాదు, అందుకే ఇక్కడ నిదానంగా రాస్తున్నాం. మేము బడిలో చదివింది తమిళం. తెలుగు అక్షరాలు నలభై ఏళ్ళు దాటాక మన సంఘం రాత్రి తరగతిలో దిద్దుకున్నాం. రాతలో తప్పులుంటే దిద్దండి, మాట మాత్రం చివరిదాకా వినండి.

ఆ పదకొండో పేజీ పేరు "ఇంగ్లీషుకు తెలుగు పెట్టిన భిక్ష". వాట్సాప్‌లో తిరుగుతున్న నలభై మాటల పట్టికను ఉన్నదున్నట్టు ఎత్తి పెట్టారు. మొదటి మాట: మన ‘కాసు’ను దొరలు తీసుకుపోయి ‘క్యాష్’ చేసుకున్నారు. రెండో మాట: మన ‘మణి’ వాళ్ళకు ‘మనీ’ అయింది. ఇలా కిందిదాకా. పోయిన ఏడు ఇదే పట్టికలో సగం మన మలరులో వేశాం. ఎవరూ ఏమీ అనలేదు, మేమూ అనలేదు.

నిజం చెప్పాలంటే ఆ తప్పులో మాకూ పాలుంది. సర్వీసులో ఉన్నప్పుడు మాతో పనిచేసిన పెద్ద క్యాషియర్ ఒకాయన రిటైరైన రోజు, వీడ్కోలు సభలో మైకు మా చేతికిచ్చారు. "క్యాషియర్ అనే మాటలో ఉన్నది మన కాసే. ఇంగ్లీషువాడు మన కాసులు తీసుకుపోయింది చాలక, కాసు అనే మాటను కూడా తీసుకుపోయాడు" అన్నాం. తమిళంలోనే అన్నాం. చప్పట్లే చప్పట్లు. ఆ చప్పట్ల రుచి చాలా ఏళ్ళు పోలేదు. అన్నదాంట్లో సగం తప్పని తెలిసింది మేము రిటైరయ్యాకే.

తెలిసింది ఎట్లాగంటే, పాత పుస్తకాల అంగడిలో ‘హాబ్సన్ జాబ్సన్’ అనే నిఘంటువు దొరికింది. 1886లో మొదట అచ్చయింది. ఇండియాలో బతికిన ఇంగ్లీషువాళ్ళ మాటల్లో కలిసిపోయిన ఈ దేశపు మాటలు అందులో ఉంటాయి. రాసినవాళ్ళు ఇద్దరు, హెన్రీ యూల్, ఆర్థర్ బర్నెల్. బర్నెల్ మన తంజావూరులో జడ్జిగా ఉన్నాయన, దక్షిణాది భాషలు బాగా ఎరిగినవాడు. పుస్తకం అచ్చు కాకముందే పోయాడు. మేము ముందుగా ‘క్యాష్’ ఉందా అని వెతికాం. ఉంది. ‘కాసు’ నుంచి వచ్చిందనే ఉంది. సంతోషంతో పేజీ మూయబోయాం. కాని అక్కడ ఆ మాటకు అర్థం దుడ్డు అని లేదు, తక్కువ విలువ గల ఒక చిల్లర నాణెం అని ఉంది. అనుమానం అక్కడ మొదలైంది.

సంగతేమిటంటే, ఇంగ్లీషులో క్యాష్‌లు రెండు. అక్షరాలు అవే, పలుకూ అదే. పుట్టిన ఇళ్ళు వేరు.

ఒకటి మన కాసు. పోర్చుగీసువాళ్ళు మన రేవుల్లో దిగినప్పుడు ఈ మాట విని ‘కైషా’ అన్నారు, ఇంగ్లీషువాళ్ళ నోట్లో అది క్యాష్ అయింది. తమిళ కాసు నుంచి అని పుస్తకాలు చెబుతాయి. మన కాసూ అదే. పక్కపక్క ఇళ్ళకు గోడ ఒకటే అయినట్టు, ఈ మాట ఇద్దరిదీ. రెండోది, మనం బ్యాంకులో, టికెట్ కౌంటర్లో, కూరగాయల అంగడిలో చెప్పుకునే క్యాష్. దానికి మన కాసుతో చుట్టరికమే లేదు. అది లాటిన్‌లో ‘కాప్సా’, అంటే పెట్టె. ఇటలీవాళ్ళ దగ్గర ‘కాసా’, ఫ్రెంచివాళ్ళ దగ్గర ‘కేస్’. పదహారో శతాబ్దం చివర ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు దానికి దుడ్డు పెట్టుకునే పెట్టె అనే అర్థం కూడా ఉంది. తరవాత్తరవాత పెట్టె పోయి, పెట్టెలో ఉన్నది మిగిలింది.

పోర్చుగీసు భాషలో కూడా పెట్టెను ‘కైషా’ అనే అంటారు. మన కాసు వాళ్ళ చెవిన పడినప్పుడు తమకు తెలిసిన పెట్టె మాటలాగానే వినిపించి ఉంటుంది. ఇద్దరు తెలియనివాళ్ళకు ఒకే చొక్కా తొడిగినట్టయింది. ఆ చొక్కా చూసి మనం అన్నదమ్ములనుకున్నాం.

దీన్ని పుస్తకం లేకుండా కూడా పట్టుకోవచ్చు. ముప్పై ఏళ్ళకు పైగా క్యాష్ లెక్కపెట్టిన గుమాస్తాలం, మాకు ముందే తట్టి ఉండాల్సింది. కాసును ఎంచవచ్చు. ఒక కాసు, పది కాసులు, ఎనభై కాసులు. క్యాష్‌ను ఎంచలేం. ఒక క్యాష్, రెండు క్యాష్‌లు అని ఎవరూ అనరు. ‘ఎంత క్యాష్ ఉంది’ అంటారు గాని ‘ఎన్ని క్యాష్‌లు’ అనరు. బియ్యానికీ బియ్యపుగింజకూ ఉన్న తేడా ఇది. పాత మద్రాసు లెక్కల్లో క్యాష్ అనే మాట వచ్చిన చోటల్లా దాని ముందు ఒక సంఖ్య ఉంటుంది. అది గింజ, ఇది రాశి.

మా ఉద్యోగం సంగతి రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే పెట్టె అనే అర్థం మాకు అక్కడే బాగా తలకెక్కింది. అట్ట టికెట్ల కాలం. సాయంత్రానికి కౌంటర్ మూసి, అమ్మిన టికెట్ల నంబర్లూ దుడ్డూ సరిచూసి, డైలీ ట్రెయిన్ క్యాష్ బుక్ రాసి, క్యాష్ రెమిటెన్స్ నోటు పెట్టి, తోలు సంచిలో కట్టి లక్క సీలు వేసేవాళ్ళం. ఆ సంచిని బండి వచ్చినప్పుడు గార్డు బ్రేక్‌వాన్‌లో ఉండే ఇనప పెట్టెలో వేసేవాళ్ళం. దాని పేరు ట్రావెలింగ్ క్యాష్ సేఫ్. పైన సందులో వేయడమే గాని, దారిలో ఎవరూ తీయడానికి లేదు. క్యాష్ ఆఫీసులో తెరుస్తారు. అంటే మాట ప్రకారం చూస్తే అది పెట్టెలో పెట్టె. స్టేషన్లో ఉండే ‘క్యాష్ చెస్ట్’ కూడా అంతే. సంచిలో పది రూపాయలు తగ్గితే మా జీతంలోంచి పోయేది గనక, ఈ నవ్వులాట అప్పుడు తోచలేదు.

ఆ పెట్టె కుటుంబం పెద్దది. సూట్‌కేసులో ఉన్న ‘కేసు’ దాని సొంత మనిషి. డాక్టరు ఇచ్చే ‘క్యాప్సూల్’ అంటే చిన్న పెట్టె. మన పిల్లలు చూడని ‘క్యాసెట్’ కూడా చిన్న పెట్టే. కాని కోర్టు ‘కేసు’ ఈ ఇంటిది కాదు. అది లాటిన్‌లో పడడం, జరగడం అనే అర్థమున్న ఇంకో మాట నుంచి వచ్చింది. సూట్‌కేసు పట్టుకుని కేసుకు పోయే మనిషి, సంబంధం లేని రెండు మాటలు మోస్తున్నాడన్నమాట. జీడిపప్పు ‘క్యాష్యూ’ ఉంది, పణ్రుట్టి వైపు వాళ్ళకు అది నిజంగానే క్యాష్. మాట మాత్రం బ్రెజిల్ దేశపు ఆదివాసుల భాషది, పోర్చుగీసువాళ్ళే తెచ్చారు.

ఇంక ‘క్యాషియర్’. మేము సభలో గొప్పలు పోయిన మాట. ఇందులోనూ రెండున్నాయి! దుడ్డు చూసే ఉద్యోగి క్యాషియర్ పెట్టె ఇంటివాడు. ఇంగ్లీషులో ‘క్యాషియర్’ అని ఒక క్రియ కూడా ఉంది, అర్థం అవమానించి కొలువులోంచి తీసేయడం, ముఖ్యంగా సైన్యంలో. అది డచ్చివాళ్ళ దగ్గర నుంచి వచ్చింది, దాని వెనక ఫ్రెంచి ‘కాసే’ ఉంది. విరగ్గొట్టడం, రద్దు చేయడం అని అర్థం. ఈ మధ్య పేపర్లలో రోజూ చదివే ‘క్వాష్ పిటిషన్’ లోని క్వాష్ ఈ రెండో క్యాషియర్‌కు దగ్గరి చుట్టం, మొదటి క్యాషియర్‌కు ఏమీ కాదు. రైల్వేలో ఆ మాట వాడరు. మాకు 1968 నాటి డిసిప్లిన్ అండ్ అప్పీల్ రూల్సులో ‘రిమూవల్’, ‘డిస్మిసల్’ అని రెండు ఉంటాయి. రెండింట్లోనూ ఉద్యోగం పోతుంది. మొదటిది పడినవాడు మళ్ళీ సర్కారు ఉద్యోగానికి ప్రయత్నించవచ్చు, రెండోది పడినవాడికి మామూలుగా ఆ దారి మూసినట్టే. ఆర్డరు కాగితంలో ఏ మాట ఉందో చూడకుండా "రెండూ ఒకటే కదప్పా" అన్న మనిషిని మేము చూశాం. ఒకటి కావు. కాగితాల మధ్య బతికినవాళ్ళకు మాటల తేడా కడుపుకు సంబంధించింది.

సరే, మన కాసు దగ్గరికి వద్దాం, అసలు గొప్ప అక్కడే ఉంది. 1818లో రూపాయి లెక్క వచ్చేదాకా మద్రాసులో కుంఫిణీవాళ్ళు లెక్కలు రాసింది వరహాలు, పణాలు, కాసుల్లో. 80 కాసులు ఒక పణం, 42 పణాలు ఒక వరహా. అంటే వరహాకు 3,360 కాసులు. కుంఫిణీవాళ్ళు మద్రాసు కోసం ఇంగ్లండులో బర్మింగ్‌హాం దగ్గర రాగి కాసులు కొట్టించి ఓడల్లో పంపేవాళ్ళు. 1808 నాటి నాణెం మీద ‘ఇరవై క్యాష్’ అని రోమను అంకెలతో ఉంటుంది. పైన పారసీలో ఇరవై కాసులు నాలుగు ఫలూసులు అని ఉంటుంది. పారసీలో ఆ మాట ‘కాస్’ అనే ఉంది, గమనించండి. ఒకే నాణెం మీద మన మాట రెండు వేషాల్లో. అవి మోసుకొస్తున్న ‘అడ్మిరల్ గార్డ్‌నర్’ అనే ఓడ 1809 జనవరిలో ఇంగ్లండు తీరం దాటకుండానే ఇసుకదిబ్బల మీద మునిగింది. 1980లలో వాటిని పైకి తీశారు, ఇప్పుడు నాణేలు పోగుచేసేవాళ్ళ దగ్గర కనిపిస్తాయి. మన ఊళ్ళల్లో చింతపండుకూ ఉప్పుకూ మారాల్సిన కాసులు అవి.

అదే కాలంలో మద్రాసులో కొట్టిన పావు వరహా వెండి నాణెం మీద తమిళం, తెలుగు రెండు భాషల్లోనూ రాత ఉంది. ‘డబ్బు’ అనేది కూడా మొదట ఒక రాగి నాణెం పేరే, విలువ ఇరవై కాసులు. కుంఫిణీ లెక్కల్లో ‘డబ్’ అని ఎక్కింది, తెలుగు మాట అని హాబ్సన్ జాబ్సన్ స్పష్టంగా చెబుతుంది. మనం ఇంట్లో దుడ్డు అంటాం, ఆంధ్రావాళ్ళు డబ్బు అంటారు, తమిళులు కాసు అంటారు, పణం అంటారు. అన్నీ ఒకప్పుడు నాణేల పేర్లు, ఇప్పుడు అన్నిటికీ దుడ్డు అనే అర్థమే. నడుమ చిల్లు ఉండే చైనావాళ్ళ నాణేలను కూడా ఇంగ్లీషులో క్యాష్ అంటారు. ఆ క్యాష్ ఈ మన కాసే. మన వైపు మాట పోర్చుగీసు ఓడెక్కి చైనా రాగికి పేరైంది. దీన్ని మించిన గొప్ప కావాలా?

ఇది పదకొండో పేజీలో లేదు. అక్కడున్నది, మన కాసు లండన్ బ్యాంకులో క్యాష్ అయిందనే లేని గొప్ప.

రెండో మాట మనీ సంగతి తొందరగా ముగిద్దాం. రోములో జూనో మొనేటా అనే దేవత గుడి దగ్గర టంకశాల ఉండేది. మొనేటా నుంచి ‘మనీ’ వచ్చింది, టంకశాలకు ‘మింట్’ అనే మాటా అక్కడిదే. మన మణికి అందులో పాలు లేదు. చెన్నైలో తంగసాలై వీధిని మింట్ స్ట్రీట్ అంటారు కదా, ఆ మింట్ ఇది. పుదీనాకు చెప్పే మింట్ వేరే మాట. మన ఇంట్లోనే ఉంది, చెప్పులు తొడుక్కుంటూ "చెప్పు" అంటాం, ఎవరూ ఆ రెండింటికీ చుట్టరికం కలపరు. ఇంగ్లీషు అనేసరికి కళ్ళు మూసుకుంటాం.

దీనికి తలకిందుల సంగతి కూడా ఉంది, అది చెప్పకపోతే మా మాట ఒంటికన్ను మాట అవుతుంది. ఇంగ్లీషు ‘నేమ్’, సంస్కృతం ‘నామ’ నిజంగానే ఒక ఇంటివి. ఒకరి దగ్గర ఒకరు అప్పు తీసుకోలేదు, వేల ఏళ్ళ కింద ఒకే తల్లిభాష నుంచి విడిపోయాయి. అయితే అది సంస్కృతం దారి, తెలుగు దారి కాదు. అదే ‘బ్యాడ్’ తీసుకోండి. పారసీలో ‘బద్’ అంటే చెడ్డ, ఇంగ్లీషులో బ్యాడ్ అంటే చెడ్డ. పలుకు ఒకటి, అర్థం ఒకటి, చుట్టరికం సున్నా. కాబట్టి ముఖం చూసి అన్నదమ్ములు అనడానికీ లేదు, కాదు అనడానికీ లేదు. ఏ దారిన వచ్చింది, ఎప్పుడు వచ్చింది, ముందు ఏ అర్థంలో వాడారు అని అడగాలి. టికెట్ మీద స్టేషన్ పేరు ఉంటే చాలదు, తేదీ కూడా చూస్తాం కదా.

గ్రూపులో ఒక తమ్ముడు పెట్టిన మెసేజీకి ఇప్పుడు జవాబు చెప్పాలి. "అన్నా, పిల్లలకు తెలుగంటే గర్వం కలగాలి. కొంచెం అటూ ఇటూ అయితే ఏం కొంప మునిగింది?" అని రాశాడు. అతని మనసు మంచిది, ఆదివారం తరగతికి బెంచీలు తన సొంత దుడ్డుతో చేయించిన మనిషి. అందుకే జవాబు కోపంతో చెప్పడం లేదు. కొంప మునిగింది, మా ఇంట్లోనే మునిగింది.

మా తమ్ముని మనవరాలు ఏడో తరగతి. పోయిన ఏడు మన మలరు పట్టుకుని బడికి పోయింది. క్లాసులో దుడ్డు మీద పాఠం వచ్చినప్పుడు లేచి నిలబడి, మనీ అనే మాట మా తెలుగు మణి నుంచి వచ్చింది అని చెప్పింది. టీచరమ్మ కోప్పడలేదు. "చూద్దాం" అని ఫోనులో నిఘంటువు తీసి అందరికీ చదివి వినిపించింది. అందులో మొనేటా ఉంది, మణి లేదు. పిల్లలు నవ్వారు. ఆ అమ్మ చేసింది తప్పు కాదు, ఆమె స్థానంలో ఎవరున్నా అదే చేయాలి. ఇంటికొచ్చి మలరు అల్మరాలో పెట్టేసి, మా దగ్గరికి వచ్చి అడిగింది. "తాతా, ఇందులో మిగతావి కూడా ఇట్లే ఉంటాయా?" మణి ఒక్కటే కాదు, అందులో ఉన్న త్యాగయ్య, మన పెద్దల వలస కథ, మన ఊరి గుడి శాసనం, అన్నీ ఆ ఒక్క ప్రశ్నలో చేరిపోయాయి. తరవాత రెండు నెలలు ఆదివారం తరగతికి రాలేదు. కడుపునొప్పి అని వాళ్ళమ్మ చెప్పింది. తరగతిలో ఉన్నది తొమ్మిది మంది పిల్లలు, ఎనిమిదయ్యారు.

"తమిళులు కూడా ఇట్లాంటి పట్టికలు వేసుకుంటారు, మనం వేస్తే తప్పా?" అని ఇంకొకరు అడిగారు. వేసుకునేవాళ్ళు ఉన్నారు, నిజమే. మాకు తమిళం అన్నం పెట్టిన భాష, మా మేష్టర్లు నేర్పిన తమిళం ఇప్పటికీ మా నాలుక మీద ఉంది, కాబట్టి చెప్పే హక్కు ఉందనుకుంటాం. వాళ్ళది కోట్ల మంది మాట్లాడే భాష, బడి ఉంది, సర్కారు ఉంది. పదిమంది పొరపాటు మాట అన్నా ఆ భాషకు ఒంటి మీద గీత పడదు. మనకు ఉన్నవి తొమ్మిది మంది పిల్లలు, ఏటా ఒక మలరు. 2006లో బడుల్లో తమిళం తప్పనిసరి చట్టం వచ్చినప్పటి నుంచి, మన పిల్లలకు తెలుగు కూడా చదివే వీలు ఇవ్వండి అని అర్జీలు పట్టుకుని ఆఫీసులు తిరుగుతున్నాం. పోయిన ప్రతిసారీ ఆ అర్జీతో పాటు మలరు ఒకటి బల్ల మీద పెడతాం. ఆఫీసరు ఖాళీగా ఉంటే తిరగేస్తాడు. పదకొండో పేజీ తెరుచుకుంటే అర్జీలో మనం రాసిన జనాభా లెక్కను కూడా అదే కంటితో చూస్తాడు. అర్జీ రాసేది మేమే, ఆ చూపు పడేది మా మొహం మీదే.

మాటలు ఇచ్చామని చెప్పుకోవాలనే సరదా ఉంటే, నిజంగా ఇచ్చిన మాట ఒకటి ఉంది. ‘బ్యాండికూట్’. అచ్చమైన తెలుగు పందికొక్కు. ఇందులో ఎవరికీ తగాదా లేదు, ఏ ఇంగ్లీషు నిఘంటువు తీసినా ‘తెలుగు’ అని పేరు పెట్టి చెబుతుంది. ఆస్ట్రేలియాలో పొట్ట కింద సంచి ఉండే ఒక జంతువును చూసి, పందికొక్కులాగా ఉందని తెల్లవాళ్ళు దానికీ అదే పేరు పెట్టారు. అది కొక్కు జాతే కాదు, పోలిక చూసి పేరు పెట్టడం అక్కడా జరిగింది. నలభై మాటల పట్టికలో ఈ మాట లేదు! కొక్కు కాబట్టి గౌరవం తక్కువనుకున్నారేమో. గూడ్స్ షెడ్డులో మూటలు కొరికి మా చేత ఎన్నో షార్టేజ్ రిపోర్టులు రాయించిన జీవం అది, మాకైతే దాని మీద కోపమే. అయినా న్యాయం న్యాయమే.

ఇక మా కోరిక. పదకొండో పేజీ తీసేయండి అని ఊరికే చెప్పి పోవడం లేదు, దాని బదులు వేయడానికి ఒకటి తెచ్చాం.

మా అవ్వ వక్కాకు పెట్టెలో చిన్న రాగి కాసు ఒకటి ఉండేది. పుదుక్కోట అమ్మన్ కాసు. గుండ్రంగా కూడా ఉండదు, మందంగా, బొడిపెగా, చింతగింజంత. ఒక పక్క బృహదాంబ అమ్మవారు కూర్చుని ఉంటుంది. రెండో పక్క ఏవో గీతలు. పుదుక్కోట సంస్థానంలో నవరాత్రులప్పుడు బియ్యంతో పాటు ఈ కాసులు దానమిచ్చేవారు. 1948లో ఆ సంస్థానం మద్రాసు రాష్ట్రంలో కలిసింది. చిన్నప్పుడు మేము ఆ కాసుతో ఆడుకున్నాం, పెద్దయ్యాక పర్సులో పెట్టుకుని తిరిగాం, రెండో పక్క ఉన్నది పువ్వో ముగ్గో అనుకున్నాం. తమిళ బడిలో చదివిన కళ్ళకు అంతకన్నా కనపడలేదు. మన రాత్రి తరగతిలో గుడులూ కొమ్ములూ నేర్చుకున్న ఏడాది, ఒక రోజు పర్సు తీసి టీ దుడ్డు ఇస్తుంటే ఆ కాసు చేతిలోకి వచ్చింది. గీతలు గీతలుగా కనపడలేదు. ‘విజయ’ అని ఉంది. తెలుగులో. తమిళ రాజుల సంస్థానం, తమిళ నేల, తమిళ అమ్మవారు, రాత తెలుగు. అవ్వకు చదువు రాదు, నాన్న తమిళమే చదివాడు, మేమూ అంతే. మూడు తరాలు చేతిలో పట్టుకుని చదవలేకపోయిన మాట అది. టీ అంగడాయన చిల్లర చాచిన చెయ్యి అట్లే పట్టుకుని నిలబడ్డాడు పాపం.

మేము అడిగేది ఇంతే. పదకొండో పేజీలో ఆ కాసు రెండు పక్కల ఫోటోలు పెద్దగా వేద్దాం. పక్కన కాసు, క్యాష్ కథ అర పేజీ. దాని కింద డబ్బు, పందికొక్కు. చాలు. రాసిచ్చే పని మాది. అచ్చుకు పోయే ముందు నిఘంటువు చూసి సరిచూసే పనికి ఇంకొకరు కావాలి, ఎందుకంటే మా కన్ను మా తప్పును చూడదని ఆ వీడ్కోలు సభ మాకు నేర్పింది.

మా తమ్ముని మనవరాలికి పోయిన వారం ఆ కాసు ఇచ్చి చదవమన్నాం. వెలుతురుకు పట్టుకుని, తిప్పి తిప్పి, ‘వి’ గుడి చెరిగిపోయింది అని చెప్పి, చదివింది. తరవాత అడిగింది, "పుదుక్కోట మన పక్కనే కదా తాతా, అక్కడ తెలుగెందుకు రాశారు?" నాయకరాజుల కాలం నుంచి మొదలుపెట్టి, తంజావూరులో మరాఠా రాజులు కూడా తెలుగులో నాటకాలు రాసిన సంగతి దాకా చెప్పాం. సగంలోనే నిఘంటువు అడిగింది, మేము చెప్పేది సరిచూడడానికి. ఇచ్చాం.

మీ ఇళ్ళల్లో పాత వక్కాకు పెట్టెల్లో, దేవుడి గూట్లో అమ్మన్ కాసులు ఉంటే, మా దానికన్నా అక్షరం బాగా కనిపించేది ఉంటే, వచ్చే ఆదివారం కమిటీకి తీసుకురండి. ఫోటో తీసి అక్కడే తిరిగి ఇచ్చేస్తాం. చింతపండుతో మాత్రం తోమకండి, ఉన్న అక్షరం పోతుంది.